చెట్లకు పేర్లు పెట్టిన మనిషి

మొన్న మంగళవారం పొద్దున ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. డిగ్రీ కాలేజీలో తెలుగు చదువుతోందట. నూజివీడు చుట్టుపక్కల పుట్టిన కథలూ నాటకాలూ బొమ్మలూ వెతికి ఒక పెద్ద నోటుబుక్కులో ఎక్కిస్తోంది. కాఫీ ఇచ్చాక తన చిక్కు చెప్పింది. ఒకే పేరుతో మూడు తేలాయి. ఒకటి వారపత్రికలో వచ్చిన నా కథ. రెండోది మా ఊరి నాటక సమాజం ఆడిన నాటకం. మూడోది గ్రంథాలయం గోడకి వేలాడుతున్న రంగుల బొమ్మ. మూడింటి పేరూ ‘మాట తప్పిన చెట్టు’. మూడూ ఎనభైల నాటివే. తీరా చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. ఈ పేరు ముందు ఎవరిది, ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు అని అడిగింది.

అది జనం నోట్లో ఉన్న మాటేనమ్మా, ఎవరి సొంతమూ కాదు అని చెప్పి పంపించేశాను. ఆ పిల్ల నమ్మింది, థాంక్స్ చెప్పింది, వెళ్తూ వెళ్తూ గేటు కూడా వేసింది. అరవై దాటిన మనిషిని, చదువుకునే పిల్లతో అబద్ధమాడాను.

అది జనం నోట్లోది కాదు, ఒక్క మనిషి నోట్లోది. ఆ పేరుతో ఉన్నవి మూడు కూడా కాదు, నాలుగు. మొదటిది ఆవిడ కట్టిన పాట. కాగితం మీద లేదు కాబట్టి ఏ నోటుబుక్కులోకీ ఎక్కదు. ఆవిడ సంగతి ఆ రోజుల్లోనే ఊరందరికీ తెలిసిపోయింది, ఇప్పుడు నేను దాచేదేమీ లేదు. పేరు ఒక్కటి మాత్రం రాయను. ఆవిడకు సంబంధించి ఒక్కటైనా నా నోటి నుంచి బయటికి రాకుండా ఉండాలి కదా.

మా నాన్న నూజివీడులో మామిడికాయల వర్తకుడు. ఏటా పూత చూసి రెడ్డిగూడెం అవతల ఒక తోట కౌలుకు తీసుకునేవాడు. ఆయన కొట్టు వదిలి వచ్చేవాడు కాదు. డిగ్రీ పూర్తి చేసి కథలు రాసుకుంటూ ఇంట్లో పడున్నవాణ్ణి కాబట్టి తోట దగ్గర కూర్చునే పని నాకు పడింది. ఒక మడత కుర్చీ, ఒక మంచినీళ్ళ కూజా, చేతిలో పుస్తకం. నా పెత్తనం అంతే. అసలు తోటను నడిపింది ఆవిడ. కాయ కోసే ముఠాకి మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్ళు, చెట్లెక్కే నలుగురు మగవాళ్ళు ఆవిడ మాట మీద నడిచేవాళ్ళు.

నలభై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడిగి మణికట్టు దాకా గుండీలు పెట్టుకునేది. కాయ నుంచి కారే సొన పడి చర్మం కాలకుండా, ఎర్రచీమలు దూరకుండా తోటల్లో చాలామంది ఆడవాళ్ళు అలాగే తొడుక్కుంటారు. ఆవిడది మాత్రం చచ్చిపోయిన మొగుడి చొక్కా అని ముఠాలో అందరికీ ఒక గౌరవం. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. నేను చూసిన మూడేళ్ళలో మూడు చొక్కాలు మారాయి. పోయినాయన ఇన్ని చొక్కాలు వదిలి వెళ్ళాడా అని ఒకసారి అనుమానం వచ్చింది గానీ, అలాంటివి అడిగేంత చనువు అప్పటికి లేదు.

కర్ర చివర వలచిక్కంలోంచి కాయ తీసి, తొడిమ దగ్గరి ముచ్చిక కిందికి తిప్పి, చెయ్యి దూరంగా చాపి, తన మొహం పక్కకి తిప్పుకునేది. ముక్కు కారుతున్న పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు ఉండేది ఆ వాలకం. సొనంతా కారిపోయాక “అయిందా” అని కాయనే అడిగి గడ్డి మీద పడుకోబెట్టేది. నవ్వొస్తే చేతులకు సొన అంటుకుని ఉంటుంది కాబట్టి మోచెయ్యి అడ్డం పెట్టుకునేది. చేతులు శుభ్రంగా కడుక్కున్నాక కూడా అలవాటు కొద్దీ మోచెయ్యే అడ్డం వచ్చేది. కోతలున్నన్నాళ్ళూ పండు ముట్టేది కాదు. అన్నంలోకి పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, మామిడిపండు చీక్కునేవాళ్ళని జాలిగా చూసేది.

ఆ తోట వేసిన మహానుభావుడెవరో గానీ వరసలు చూసుకోకుండా ఎక్కడ పడితే అక్కడ నాటాడు. ఫలానా వరసలో ఫలానా చెట్టు దగ్గరికి వెళ్ళమని మనిషికి చెప్పడం కుదరదు. అందుకని ఆవిడ చెట్లన్నిటికీ పేర్లు పెట్టింది. ఎంత కొట్టినా కాయ రాలనిది చెవిటిది. చీమల గూళ్ళు నెత్తిన పెట్టుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వనిది దొరసాని. ఒక కొమ్మ నేల మీద బారుగా సాగిపోయింది కాబట్టి ఇంకొకటి రైలు చెట్టు. ముఠాలో కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు ఆవిడ వెంట తోటంతా తిరిగి పేర్లు అప్పజెప్పాలి. నాకూ తప్పలేదు. మధ్యలో రెండుచోట్ల తడబడ్డాను. అన్ని పుస్తకాలు గుర్తున్నవాడికి ఇన్ని చెట్లు గుర్తుండవా అని, ఎర్రటి ఎండలో మళ్ళీ మొదటి నుంచి తిప్పింది.

దక్షిణం మూల ఒక పెద్ద చెట్టు ఉండేది. ఆకు కనబడనంత పూసేది. రోడ్డు మీద నుంచి చూసినవాడెవడైనా తోటంతా అలాగే ఉందనుకుని మోసపోయేవాడు. మాఘం వెళ్ళేసరికి ఆ పూతంతా నల్లబడి రాలిపోయేది. పిందె నిలిచేది కాదు. దాని పేరు మాట తప్పిన చెట్టు. కాయలు ఏరేటప్పుడు ఆవిడ దాని మీదే పాట ఎత్తుకునేది:

కొమ్మకొమ్మకు మాటిచ్చిందమ్మా,
కోతల నాటికి మొగం దాచిందమ్మా.

మిగతావాళ్ళు వంత పాడేవాళ్ళు. చివరి చరణాలు రోజుకో రకంగా మారేవి. ఆలస్యంగా వచ్చిన ట్రాక్టరు డ్రైవరు ఒకరోజు అందులో ఉంటే, కుర్చీలో నిద్రపోయిన నేను ఇంకోరోజు ఉండేవాణ్ణి. మొదటి రెండు మాత్రం ఎప్పుడూ మారలేదు.

ఒక మధ్యాహ్నం ముఠా అంతా అన్నాలు తింటుంటే, ఆవిడ ఆ చెట్టు కింద ఒక్కతే కూర్చుని చిరిగిన చిక్కానికి పురికొసతో ముడులు వేస్తోంది. దీనికి ఆ పేరెందుకు పెట్టావని అడిగాను. పూసి కాయదు కాబట్టి అంటుందనే అనుకున్నాను. తలెత్తకుండా, ముడులు వేసుకుంటూనే చెప్పింది.

మొగుడు చచ్చిపోలేదు. ఇదే తోటలో చెట్లెక్కే మనిషి. పూత రోజుల్లో ఈ చెట్టు కింద నిలబడి, చింతలపూడి వెళ్ళి సైకిళ్ళ పని నేర్చుకుంటాను, కాయ కోతకొచ్చేసరికి వచ్చేస్తాను అన్నాడు. రెండేళ్ళ కోతలు అయిపోయాయి. ఈవిడే బస్సెక్కి వెళ్ళి చూసింది. సొంత కొట్టు. లోపల ఇంకో ఆడమనిషి, చంకలో బిడ్డ. అతను వంగి చక్రానికి గాలి కొడుతున్నాడు. ఈవిడ పలకరించలేదు. తిరుగు బస్సులోనే బొట్టు తుడిచేసుకుని, గాజులు తీసేసి, ఊళ్ళో దిగి, జ్వరమొచ్చి ఆస్పత్రిలో పోయాడని చెప్పింది. అతనికి వెనకా ముందూ ఎవరూ లేరు. ఊరు నమ్మింది. పదో రోజు అందరికీ భోజనాలు కూడా పెట్టింది.

అంత పని ఎందుకు చేశావని అడిగాను.

“వదిలేసి పోయాడంటే ప్రతివాడూ పలకరిస్తాడండి. చచ్చాడంటే ఎవుడూ పలకరించడు. నా పని నన్ను చేసుకోనిచ్చారు” అంది.

చొక్కాలు నూజివీడు సంతలో, పాత బట్టల కుప్పలో ఏరుకుంటుందట. కొలత మాత్రం అతనిదే చూసుకుంటుందట. ముఠాలో సీతమ్మ అని, మొగుడు నిజంగానే పోయినావిడ ఉండేది. మేస్త్రికి కుడిభుజం. ఒకరి దుఃఖం ఒకరు చెప్పుకుని దగ్గరైనవాళ్ళు. సీతమ్మకి కూడా ఈ సంగతి తెలియదు. తనతో కూర్చుని ఏడ్చిన మనిషి కదా, తెలిస్తే తట్టుకోలేదు అంది. మరి నాకెందుకు చెప్పిందో నేను అడగలేదు. చదువుకున్నవాడు, నోరు జారడు అనుకుని ఉంటుంది.

నాది కథలు రాసేవాడి బుద్ధి. అంతా విన్నాక, ఆ పేరు నా కథకి పెట్టుకోనా అని అడిగాను. మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “తోటే తీసుకున్నారు, పేరెంతండీ. తీసుకోండి. నేను చెప్పింది మాత్రం రాయొద్దండి” అంది. రాయనని మాటిచ్చాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా. పూత చూసి తోట కౌలుకు తీసుకుని అన్నతో తగువు పడ్డ ఒక షావుకారు కథ రాశాను. అందులో మేస్త్రి లేదు, సైకిలు కొట్టు లేదు, చొక్కా లేదు. వారపత్రికలో వచ్చింది. ముఠా అందరి ముందూ చదివి వినిపించాను. ఆవిడ చెంపకి చెయ్యి ఆనించుకుని చివరిదాకా విని, అందరూ లేచి వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, “బాగుందండీ. ఇందులో నేను లేను” అంది. ఆ తర్వాత చాలామంది చాలా రకాలుగా మెచ్చుకున్నారు. ఆ మాటంత ఆనందం ఏదీ ఇవ్వలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే పనే లేకపోయేది.

మూర్తి అని నాకో స్నేహితుడు. బడిపంతులు. మా నాటక సమాజానికి రచయిత, దర్శకుడు, మనిషి తక్కువైతే తెర లాగేవాడు కూడా అతనే. ఒకరోజు అతని స్కూటరు మీద మైలవరం వెళ్తున్నాం. దారిలో నా కథ గురించి ఎత్తాడు. పేరు అద్భుతంగా ఉంది, కథ చప్పగా ఉంది అన్నాడు. ఆ పేరు కింద ఇంకేదో ఉండాలి, అది నీకు అందలేదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందకపోవడం కాదు, తెలిసే రాయలేదు అన్నాను. ఏం తెలుసో చెప్పమన్నాడు. చెప్పేశాను. బస్సు, గాలి కొడుతున్న మొగుడు, సంతలో కొన్న చొక్కా, అన్నీ. నా కథ చప్పగా ఉండటానికి నా చేతకానితనం కారణం కాదని రుజువు చేసుకోడానికి ఒక మనిషి బతుకుని స్కూటరు మీద వెనక కూర్చుని అప్పజెప్పాను. ఇది ఎక్కడా వాడకు అని మాత్రం అన్నాను. ఛ, నాకెందుకు అన్నాడు.

నెల తర్వాత వచ్చి, పేరు ఒక్కటి ఇవ్వమన్నాడు. నాటకం పూర్తిగా వేరు, బందరు దగ్గర చేపలమ్ముకునే ఆడమనిషి కథ, మామిడితోట ఊసే లేదు అన్నాడు. నీ కథ పేరుతో నాటకం ఆడితే నీకూ పేరే కదా అని ఉబ్బేశాడు. నేను ఉబ్బాను. రాతప్రతి చూపించమంటే, ఉగాది పోటీల్లో స్టేజీ మీదే చూడమన్నాడు. ఆ పేరు విని ముచ్చటపడి మా డ్రాయింగు మాస్టారు ఒక పెద్ద బొమ్మ వేశాడు. ఇప్పుడు గ్రంథాలయంలో ఉన్నది అదే. దాన్నే చిన్నది చేసి వాల్‌పోస్టరు వేయించారు. ఆయన ఆ చెట్టుని ఎన్నడూ చూడలేదు. మామిడిచెట్టంటే కాయలుండాలి కదా అని కొమ్మ కొమ్మకీ గుత్తులు గుత్తులు వేశాడు.

పోస్టరు రెడ్డిగూడెం గోడల మీద కూడా పడింది. ముఠాలో అక్షరం ముక్క వచ్చిన పిల్ల ఒకతె చదివి అందరికీ చెప్పింది. ఇంకేముంది, మన చెట్టు మీద నాటకం ఆడుతున్నారు అనుకున్నారు. మన చెట్టుకి ఇన్ని కాయలు ఎప్పుడు కాశాయని ఆ బొమ్మ చుట్టూ చేరి ఒకటే నవ్వులు. చెట్టు పేరు పెట్టుకున్న నాటకంలో చెట్టు కాక ఇంకేముంటుంది వాళ్ళ లెక్కలో? అది మీ చెట్టు కాదు, పేరొక్కటే కలిసింది అని నేను చెబితే ఎవరూ వినిపించుకోలేదు. నాటకానికి వెళ్ళాలి, ట్రాక్టరు పంపండి అన్నారు. పంపించాను. మా సొంత ట్రాక్టరే. ఆవిడ ఆ సాయంత్రం చొక్కా లేకుండా, ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. హైస్కూలు ఆవరణలో, స్టేజీకి ఎదురుగా నేల మీద అందరి మధ్యలో కూర్చుంది. పక్కన సీతమ్మ.

తెర లేచింది. గుడిసె, గుడిసె వెనక అట్టముక్కల చెట్టు. చేపల గంప ఎత్తుకుని ఒకామె వచ్చింది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా.

మా ముఠా చప్పట్లు కొట్టింది. మా మేస్త్రే, మా మేస్త్రే అని ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆవిడ కూడా మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. స్టేజీ మీద ఆమె, మొగుడు సముద్రంలో పోయాడని పేటంతా చెప్పుకుంటుంది. రెండో రంగంలో అతను పక్క ఊళ్ళో టీ కొట్టు నడుపుతుంటాడు. ఆమె దూరం నుంచి చూసి, పలకరించకుండా వెనక్కి తిరిగి, దారిలో బొట్టు తుడుచుకుంటుంది. మా వాళ్ళ చప్పట్లు ఎప్పుడు ఆగాయో తెలియదు. ఆవిడ చెయ్యి మోకాళ్ళ మీదికి దిగింది. సీతమ్మ స్టేజీ వైపు చూడటం మానేసి ఆవిడ మొహం వైపే చూస్తోంది. ఈ కథ నీదేనా అని అడిగినట్టుంది, నాకు వినబడలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేకపోయింది అనుకుంటాను. సీతమ్మ లేచి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. తర్వాత ఇంకో ఇద్దరు లేచారు.

చేపలు కావచ్చు, బందరు కావచ్చు, వేరే పేరు పెట్టి ఉంటే ఆ ఇరవై మందీ వచ్చేవాళ్ళే కాదు. వచ్చినా ఎవరిదో కథ అనుకుని కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. ఆ పేరే ఆవిడని పట్టిచ్చింది.

నాటకం అయ్యాక అందరూ ఒకే ట్రాక్టరులో వెళ్ళాలి. తొట్టి ముందు భాగంలో ఆవిడ చట్రం పట్టుకుని నిలబడింది. మిగతావాళ్ళంతా వెనక సర్దుకున్నారు. మధ్యలో ఖాళీ. నేను దగ్గరికి వెళ్ళే ధైర్యం చేయలేదు.

ఆ నాటకానికే మొదటి బహుమతి వచ్చింది. మర్నాడు మూర్తితో పెద్ద గొడవ పడ్డాను. నేను రాసింది ఆవిడ గురించి కాదు, ఆడదాని గురించి అన్నాడు. అంత రహస్యమైతే నాకెందుకు చెప్పావు అన్నాడు. నమ్మి చెప్పాను అంటే నవ్వాడు. పదేళ్ళ స్నేహం, ఆ నవ్వుతో తెగిపోయింది. ఇప్పటికీ అతనంటే నాకు మంటే. వయసు మీద పడితే క్షమించడం దానంతటదే వస్తుందంటారు గానీ, నాకు రాలేదు.

అంత మంటతోనే, రెండు రోజుల తర్వాత ఆవిడ ఇంటికి వెళ్ళాను. మోసపోయినవాణ్ణి నేను, తనూ మోసపోయింది, ఇద్దరం కలిసి అతన్ని తిట్టుకోవచ్చు అన్నట్టే వెళ్ళాను. ఆవిడ వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది. మూర్తి మనిద్దర్నీ మోసం చేశాడు అన్నాను.

“ఆయనెవరో నాకు తెలవదండి” అంది.

నువ్వు రాయొద్దన్నావు, నేను ఒక్క ముక్క కూడా రాయలేదు అన్నాను.

“అవునండి. రాయలేదు” అని, ఊడవడం మొదలుపెట్టింది. నేను నిలబడ్డ చోట ఆపి, నేను జరిగాక అక్కడ కూడా ఊడ్చింది.

నెల తిరక్కుండానే కోతలు మొదలయ్యాయి. సీతమ్మా, ఇంకో ఏడెనిమిది మందీ మైలవరం వైపు వేరే మేస్త్రి దగ్గరికి వెళ్ళిపోయారు. నా మొగుడి చావుతో తన అబద్ధాన్ని జత కలిపింది అని సీతమ్మ అందట. ఉన్నవాళ్ళతో, కొత్తగా చేరినవాళ్ళతో ఆవిడ తోటకి వచ్చింది. నుదుటి మీద పెద్ద బొట్టు. రెండు చేతులకూ ఎర్రగాజులు. మొగుడు బతికుండగా బొట్టు తీసేస్తే ఊరంతటికీ అరిష్టమని పేటలో ఆడవాళ్ళు పట్టుబట్టి పెట్టించారట. వదిలేసి పోయినవాడి కోసం రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుని బొట్టు దిద్దుకోవాలి. చొక్కా లేదు. నాలుగు రోజులకే ముంజేతుల నిండా సొన కాల్చిన మచ్చలు. పాటా లేదు. గడ్డి మీద కాయలు పడే చప్పుడు తప్ప ఆ ఏడు ఆ తోటలో ఏమీ వినబడలేదు.

కోత మొదటిరోజు కొబ్బరికాయ కొట్టడానికి మా నాన్న వచ్చాడు. పూత చూసి వెళ్ళాక ఆ ఒక్క పూటే ఆయన తోటలో అడుగుపెట్టేది. పూజ అయ్యాక ఆవిడ ముఠాని పనికి పంపుతోంది.

“ఇద్దరు దొరసాని కాడికి పోండి. మిగతావాళ్ళు రైలు చెట్టు నుంచి మొదలెట్టి చిన్న సావుకారు చెట్టు దాకా రండి.”

ముఠాలో ఎవరూ నవ్వలేదు. ఎవరూ నా వైపు చూడలేదు. అదెక్కడుందని కొత్తవాళ్ళు కూడా అడగలేదు. అంటే అప్పటికే పేర్లు అప్పజెప్పించుకుందన్నమాట.

చిన్న షావుకారు అంటే నేనే. మా నాన్న మొహం వెలిగిపోయింది. మావాడి పేరు పెట్టావా, ఏదీ ఆ చెట్టు అని అడిగాడు. ఆవిడ చిక్కం కర్ర ఎత్తి దక్షిణం మూల ఉన్న పెద్ద చెట్టు వైపు చూపించింది.

“కాపు బాగుంటుందా?” అన్నాడు మా నాన్న.

“పూత బాగా వస్తదండి” అంది.

మామిడి వ్యాపారం చేసేవాడికి ఆ మాటలో మిగతా సగం ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్న నా వైపు తిరిగి చూశాడు. ఏం చేశావురా అని అడిగితే చెప్పేవాణ్ణే. అడగలేదు. చేతిలో ఉన్న కొబ్బరిచిప్ప నాకిచ్చి, జీపెక్కి వెళ్ళిపోయాడు.